గుగ్గిళ్లయిన పాలికలు

కర్నూలు రాజధాని అయిన ఆ రోజుల్లో మా వీధికి కరెంటు వచ్చింది, నాకు కాలేజీలో సీటు వచ్చింది. ఈ రెండూ ఒకేసారి రాకుండా ఉంటే మా ఇల్లు కాస్త తట్టుకునేదేమో. విత్తనం మొలవాలంటే తేమా వేడీ కావాలని, మొక్క పచ్చబడాలంటే వెలుతురు కావాలని అప్పుడే చదువుకున్నాను. చదివింది ఎక్కడో ఒకచోట ప్రయోగించకపోతే నాకు అన్నం సయించేది కాదు. సరిగ్గా ఆ మాఘమాసంలోనే మా అక్క పెళ్లి కుదిరింది.

పెళ్లికి ముందు రెండిళ్లలోనూ మట్టి మూకుళ్లలో నవధాన్యాలు చల్లి పాలికలు పెడతారు కదా. అవి పచ్చగా లేస్తే కాపురం పచ్చగా ఉంటుందని, అమ్మ లేని మమ్మల్ని పెంచిన మా మేనత్త నమ్మకం. అప్పటికే అక్కకు రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి తప్పిపోయాయి. అందుకే అత్త, "ఇవి రాకుంటే పెళ్లికొడుకు తల్లి ఏమంటాదో ఏమో, శానా పట్టింపు మనిషంట" అని మాటిమాటికీ దేవుడి గదిలోకి తొంగిచూసేది. చలికి ఒక్క మొలకా తల ఎత్తలేదు. అక్క నీళ్లు చల్లడానికి వెళ్లి అక్కడే కూర్చుండిపోయేది. అది చూడలేకపోయాను. (ఇది నిజం. ప్రయోగం చేయాలన్న ఉబలాటం అంతకంటే నిజం.)

అత్త బజారుకు పోగానే కుంపటి రాజేసి, దాని మీద అక్కకు కొన్న కొత్త రేకుపెట్టె ఎక్కించి, అందులో పాలికలు పేర్చి, పైన ఇంట్లోకెల్లా పెద్ద బల్బు వేలాడదీసి, చుట్టూ కంబళి కప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పక్కనే నిద్రపోయాను.

"ఒరే సైన్సప్పా! దేవుని గదిలో గుగ్గిళ్లు ఎవురు ఉడకబెడతాండారు?"

అత్త కేకకు లేచేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. శనగలు వేలితో నొక్కితే మెత్తగా నలిగాయి. తాళింపు ఒక్కటే తక్కువ. "కర్నూల్లో ఎండ చాలలేదా, కుంపటి కూడా పెట్టినావా? పెండ్లి యాడ చేసేదిప్పుడు, నీ నెత్తిన చేసేదా?" అని అత్త. అక్క పెట్టె అడుగున మసి చూసి, "దీన్ని కూడా మిగల్చలేదు కదరా" అని మొహం తిప్పుకుంది.

అంతలో పెరటి తలుపు చప్పుడైంది. పెళ్లికొడుకు తల్లి! పక్క వీధి నుంచి ఒంటరిగా, కొంగు తలమీదికి లాక్కుని వచ్చింది. అత్త కంగారుగా పెట్టె మూసి దాని మీద కూర్చుంది. కూర్చున్నంత వేగంగానే లేచింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "అమ్మా, తప్పంతా నాది. పాలికలు ఉడకబెట్టేసినాను" అన్నాను.

పెళ్లికొడుకు తల్లి పెట్టెలోకి చూసింది. నా వైపు చూసింది. నెమ్మదిగా గడప మీద కూలబడింది.

"నువ్వు ఉడకబెట్టినావు. మా ఇంట్లో పచ్చిగానే ఎలుకలు తినిపోయినాయి. మీ దాంట్లో రెండు గుప్పిళ్లు అడుక్కుందామని దొడ్డిదోవన వస్తి. ఇంగ నేను యాడికి పోయేదప్పా?"

ముందు నవ్వింది అక్క. తర్వాత వియ్యపురాళ్లిద్దరూ పెసలు నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి, నన్ను మాత్రం ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు.

పెళ్లిలో రెండు వైపులా పాలికల్లో తెల్లటి తోకలే తప్ప ఆకన్నది లేదు. అయినా ఆమె మా మూకుళ్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా, "ఎంత పచ్చగా వచ్చినాయో చూడండమ్మా!" అంది. మా అత్త ఊరుకుంటుందా, "మీవి ఇంకా పచ్చగా ఉండాయి వదినా" అంది. తల వంచుకున్న అక్క భుజాలు నవ్వుతో కదలడం నేను చూశాను.

ఆ ఇరవై ఏళ్లవాడు ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ వాడి తొందరంతా అక్క మొహంలో దిగులు పోవాలనే కదా. మెలిపెట్టిన చెవినే కాసేపు నిమిరి, పోనీలే అని వదిలేస్తానేమో.