తిరిగి చెప్పందే డబ్బా కౌంటర్ దాటదు: సిద్దిపేట పురుగుమందుల దుకాణం నుంచి కంబోడియా బడికి

నాకు డిగ్రీ లేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. నాలుగేళ్లు సిద్దిపేటలో ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణంలో కౌంటర్ మీద పనిచేశాను. ఇప్పుడు కంబోడియాలో బట్టంబాంగ్ అనే ఊళ్లో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. "డిగ్రీ లేకుండ ఎట్ల పోయినవ్ అక్కా?" అని మెసేజీలు పెట్టేవాళ్లకు విడివిడిగా జవాబు రాసి రాసి వేళ్లు నొప్పి పుట్టి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. విమానం, వీసా సంగతులు కూడా చెబుతాను. కానీ అసలు ప్రయాణం మా ఊరు కోహెడ నుంచి సిద్దిపేట దాకా, ఆగస్టులో ఒక్క రోజున జరిగింది. మిగతాదంతా టికెట్టు కొని కూర్చోవడమే.

నేను ఇంగ్లీషు నేర్చుకున్న పుస్తకం పురుగుమందు పెట్టెలో దొరుకుతుంది. డబ్బాతో పాటు మడతలు పెట్టిన సన్నకాగితం ఒకటి వస్తుంది, చాలామంది విప్పకుండానే పారేస్తారు. అందులో ఒకే విషయం ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆ కాగితం పరిచి, తెలుగు వాక్యం మీద ఒక వేలు, ఇంగ్లీషు వాక్యం మీద ఒక వేలు పెట్టి చదివాను. కలుపు, ఆగు, చేతులు కడుక్కో, పిల్లలకు అందకుండా పెట్టు. అందుకే నా మొదటి ఇంగ్లీషంతా ఎవరికో ఆర్డర్ వేస్తున్నట్టు ఉండేది. తర్వాత ఫోన్లో వీడియోలు చూసి, వాటితో పాటు గట్టిగా పలికి, రెండేళ్లకు మాట్లాడటం నేర్చుకున్నాను. ధైర్యం చేసి ఒక ప్రైవేటు బడికి వెళ్లి ఎల్‌కేజీ పిల్లలకు చెబుతానన్నాను. డిగ్రీ మెమో అడిగారు. లేదనగానే నా కాగితాలు వెనక్కి తోశారు. ఒక్క వాక్యం మాట్లాడించి, బాగాలేదు పొమ్మంటే పోయేదాన్ని. నోరే తెరవనివ్వలేదు. ఆ మంట ఇప్పటికీ ఉంది.

ఆ మంటతోనే వెతికాను. చాలా దేశాల్లో డిగ్రీ లేకపోతే వీసా దగ్గరే ఆపేస్తారు. కంబోడియాలో కొన్ని చిన్న బడులు డిగ్రీ అడగవని తెలిసింది. ఇంగ్లీషు బోధనలో నూట ఇరవై గంటల ఆన్‌లైన్ కోర్సు ఉంటుంది, అది పూర్తి చేసి సర్టిఫికెట్ తీసుకుని పదిహేడు బడులకు రాశాను. పదకొండు బడులు జవాబే ఇవ్వలేదు. ఐదు బడులు ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే కావాలన్నాయి. ఒక్క బట్టంబాంగ్ బడి మాత్రం, ముందు పాఠం చెప్పి చూపించు అంది. అక్కడి హెడ్ టీచర్ సొఖా మేడం పెట్టిన షరతు ఇది: ఇంగ్లీషు రానివాళ్లను ఎవరినైనా కూర్చోబెట్టి, వీడియో కాల్లో ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి. మన టైము ఉదయం పదకొండు, వాళ్లకు పన్నెండున్నర. అదే రోజు ఇంకో ఇద్దరి పాఠాలు చూసి, సాయంత్రానికి ఒక్కరిని తీసుకుంటారు.

పొద్దున ఏడింటికి కోహెడలో సిద్దిపేట బస్సెక్కాను. ఆధార్ చూపించగానే కండక్టరక్క ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, ఇస్త్రీ చేసిన నా డ్రెస్సు వైపు చూసింది.

"గింత తయారై ఎటు పోతున్నవ్ చెల్లె?"

"ఇంటర్వ్యూ ఉందక్కా. కంబోడియాల నౌకరి."

"గదేడుంది? గజ్వేల్ దాటినంకనా?"

"గజ్వేల్ దాటి, సముద్రం గూడ దాటినంక."

"అయితే ఆధార్ కార్డు మర్వకు. గాడ గూడ జీరో టికెట్ ఇస్తరేమో!" అని బస్సంతా వినేలా నవ్వింది.

ఎనిమిదిన్నర లోపే సిద్దిపేటలో దిగాను. బస్టాండు బయట ఇడ్లీ బండి ముందు నిలబడి చాయ్ ఒక్కటే అడిగితే, బండి పెద్దాయన ఎందుకు తినవని ఆరా తీశాడు. ఇంటర్వ్యూ అని చెప్పాను. "ఖాళీ కడుపుతోని పోతే నోట్లకెల్లి మాట రాదు బిడ్డా, కడుపులకెల్లి సప్పుడొస్తది" అని నాలుగు ఇడ్లీలు చేతిలో పెట్టాడు. చాయ్‌తో కలిపి నలభై రూపాయలు. ఆయన చెప్పింది నిజం. ఇలాంటి రోజున తినే వెళ్లండి.

అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి ఒక ట్యూషన్ సెంటరుకు వెళ్లాను. గంటసేపు ఒక గది, ఆరుగురు పిల్లలు, ఐదు వందల కిరాయి అని వారం ముందే మాట్లాడుకున్నాను. పదింటికి బోర్డు తుడిచి, తేదీ రాస్తుండగా సెంటరు నడిపే ఆయన వచ్చాడు.

"డిగ్రీ ఏ కాలేజీల జేసినవమ్మా?"

"చేయలేదు సార్. ఇంటర్."

ఆయన ముఖం మారిపోయింది. "ఇంటరోళ్లు మా బోర్డు ముందట నిలబడితే మా పేరేం గావాలె? రేపు పిల్లల తండ్రులకు నేనేం జవాబు జెప్పాలె? గా మార్కర్ గీడ వెట్టి పో."

"మార్కర్ నాదే సార్" అని చెప్పి, సంచీలో వేసుకుని బయటికి వచ్చాను. టైము పదింబావు.

కోపం ఎక్కువైతే నాకు కళ్లలో నీళ్లు వస్తాయి. అది ఏడుపనుకుని ఇద్దరు ఆటోవాళ్లు ఆగి, ఏమైందని అడిగారు. ఇద్దరినీ తిట్టాను. ఈ పోస్టు చదువుతుంటే క్షమించండి అన్నలూ, మీ తప్పేం లేదు. ఎటు పోవాలో తోచక, కాళ్లు అలవాటైన దారి పట్టి మా దుకాణం ముందే ఆగాయి.

పత్తికి మందు కొట్టే రోజులు కావడంతో దుకాణం కిటకిటలాడుతోంది. మా ఓనరు భూమన్న సేటు, నేను లేకపోవడంతో తానే కౌంటర్ మీద చెమటలు కక్కుతున్నాడు.

"లీవు వెట్టినవ్ గదనే సరితా, మల్ల ఎందుకొచ్చినవ్? జీతం గోస్తనని భయమైందా?"

జరిగింది చెప్పాను. ఆయన బిల్లుబుక్కు పక్కన పెట్టాడు. తర్వాత లైన్లో ఉన్నవాళ్ల వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"ఓ అన్నలాల, గీడ ఎవ్వలికన్న ఇంగ్లీషొస్తదా?"

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"సూసినవా, ఒక్కలకు రాదు. గింత మంచి పిలగాండ్లు నీకు ఏడ దొర్కుతరు? తీస్కో!"

అలా మా దుకాణం వెనక గోదాంలో, బస్తాల మీద నలుగురు కూర్చున్నారు. ముందు వరసలో తొగుట నుంచి వచ్చిన ఎల్లయ్య మామ, అక్కన్నపేట లచ్చవ్వ. వెనక ఇద్దరు కోహెడ రైతులు. ఫోన్‌ను తూకం మిషన్‌కు ఆనించి నిలబెట్టాను. పదకొండింటికి సొఖా మేడం తెర మీదికి వచ్చింది.

మొదటి ఐదు నిమిషాలు నాశనం చేశాను. కోర్సులో నేర్పినట్టే అట్టపెట్టె వెనక వాక్యాలు రాసి, చదివి, అర్థం చెప్పాను. నలుగురూ తలలూపి "సరే సరే" అన్నారు. లచ్చవ్వ అయితే ఆవలించింది. సొఖా మేడం నన్ను ఆపి, "వాళ్లకు అర్థమైందని నీకెలా తెలుసు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఎల్లయ్య మామ వైపు చూశాను. జవాబు బస్తా మీద కూర్చుని ఉంది.

నేను పనిలో చేరిన మొదటి ఏడాది, పది లీటర్ల నీళ్లకు ఒక్క మూత అని చదివి చెప్పి ఎల్లయ్య మామకు పత్తిమందు ఇచ్చాను. "సరే సరే" అన్నాడు. చేనుకు పోయి, ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందని మూడు మూతలు పోశాడు. నాలుగో రోజు మాడిపోయిన పత్తికొమ్మ తెచ్చి మా కౌంటర్ మీద పెట్టాడు. ఒక్క మాట తిట్టలేదు. "నువ్వు జెప్పినవ్ బిడ్డా. నేను సరే అన్న గని ఇనలే" అన్నాడు. ఆ రోజు నుంచి భూమన్న సేటు ఒక పద్ధతి పెట్టాడు. ఎంత నీళ్లకు ఎంత మందో రైతు తన నోటితో తిరిగి చెప్పాలి. చెప్పేదాకా డబ్బా కౌంటర్ దాటదు, వెనక ఎంత పెద్ద లైనున్నా సరే.

ఇదంతా మేడంకు నాలుగు ముక్కల్లో చెప్పి, అట్టపెట్టెను పక్కకు తన్నాను. బకెట్, మగ్గు, మంచినీళ్ల సీసా ముందు పెట్టాను. మందుల జోలికి పోలేదు, అంతా నీళ్లే. తెలుగు బంద్. ఇంగ్లీషులో "పోర్" అంటూ పోశాను, "స్టర్" అంటూ కలిపాను, "స్టాప్" అని చెయ్యెత్తాను, "వాష్" అని చేతులు కడిగాను. రెండుసార్లు చేసి చూపించి, సీసా మూత ఎల్లయ్య మామ చేతికిచ్చి "పోర్, వన్ క్యాప్" అన్నాను. మామ ఒక మూత పోశాడు. ఆగి, అందరినీ చూసి, ఇంకో మూత ఎత్తాడు.

"స్టాప్!" అని కేక వేసింది నేను కాదు, లచ్చవ్వ. "వన్ అన్నది గదా పిల్ల! వన్! మల్ల మాడగొడ్తవా పత్తి?"

గోదాం దద్దరిల్లింది. మామ సిగ్గుపడుతూ మూత దించాడు. ఇక అక్కడి నుంచి వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. ఆర్డర్లు ఇప్పుడు మీరు వేయాలి అని సైగ చేయగానే మామ బస్తా మీద నిటారుగా కూర్చున్నాడు. "పోర్! టెన్ లీటర్! వన్ క్యాప్!" అని నాతో పని చేయించాడు. తర్వాత గుమ్మంలో నిలబడి చూస్తున్న భూమన్న సేటు వైపు వేలు చూపించి "సేటూ, వాష్ హ్యాండ్!" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అందరికీ ఆర్డర్లు వేసిన సేటు, మారు మాట్లాడకుండా వచ్చి చేతులు కడుక్కున్నాడు. ఫోన్లోంచి పెద్ద గోల వినిపించింది. చూస్తే, భోజనానికి వదిలిన పిల్లలు పదిమంది సొఖా మేడం కుర్చీ వెనక చేరి "వాష్ హ్యాండ్! వాష్ హ్యాండ్!" అని అరుస్తున్నారు. మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇరవై నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. మామకు పదకొండున్నర బస్సు తప్పిపోయింది.

సాయంత్రం దాకా ఊరికే కూర్చోలేక కౌంటర్ ఎక్కాను. నాలుగున్నరకు సొఖా మేడం నుంచి మెసేజీ వచ్చింది. "వచ్చెయ్. బకెట్లు మా దగ్గర చాలా ఉన్నాయి" అని ఒక్క లైను. నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద బండి ఆగింది. సేటు అందరికీ చాయ్ చెప్పాడు. అందరూ నవ్వుతుంటే లచ్చవ్వ మాత్రం గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చింది.

"బిడ్డా, మన పోరగాండ్లను తోల్కపోయి, గదుల వెట్టి, ఫోన్ల మోసాలు జేపిచ్చింది గా దేశంలనే గదా?"

అవును, అక్కడ అలాంటివి జరిగాయి. అందుకే నేను చేసింది చెబుతాను. మధ్యలో ఏజెంటును పెట్టుకోలేదు. ఆ బడిలో పనిచేస్తున్న ఒక ఫిలిప్పీన్స్ టీచరుతో వీడియో కాల్లో విడిగా మాట్లాడి, ఫోన్ పట్టుకుని క్లాసు గది నుంచి గేటు దాకా, గేటు నుంచి రోడ్డు మీదికి నడిచి చూపించమన్నాను. గేటుకు తాళం లేదు. జీతం ఐదు వందల డాలర్లని, పని అనుమతి బడే తీయిస్తుందని కాగితం మీద రాయించుకున్నాను. టూరిస్టు వీసా మీద పని చేయకూడదు, ఉద్యోగానికి పొడిగించుకునే వీలున్న వీసా వేరే ఉంది. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి రాయబార కార్యాలయం సైటులో చూసుకున్నాకే టికెట్ కొనండి.

ఆరు వారాల తర్వాత బయలుదేరాను. సిద్దిపేట నుంచి హైదరాబాద్‌లోని జేబీఎస్ బస్టాండుకు ఎక్స్‌ప్రెస్ బస్సులో రెండున్నర గంటలు, ఆడవాళ్లకు జీరో టికెట్టే. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు బస్సు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా కంబోడియా రాజధాని నాంపెన్‌కు విమానం టికెట్టు పంతొమ్మిది వేలు పడింది. నాంపెన్ నుంచి బట్టంబాంగ్‌కు బస్సులో ఆరు గంటలు, రెండు పక్కలా వరిపొలాలు. కిటికీ పక్కన కూర్చోండి.

క్లాసులో మొదటి రోజు ముప్పై మంది పిల్లలు ఒక్క గొంతుతో "యెస్ టీచర్" అన్నారు. ఎంత ముద్దుగా అన్నారో! ఒక్కరినీ నమ్మలేదు. బకెట్ తెప్పించాను. నాకు డిగ్రీ లేదన్న సంగతి ఇక్కడ ఎవరికీ దాచలేదు, దాచాల్సిన అవసరమూ రాలేదు. కోపం పోయిందా అంటే పోలేదు. నోరు తెరవనివ్వకుండా కాగితాలు వెనక్కి తోసిన చేతులు ఇంకా గుర్తున్నాయి. కానీ పొద్దున పిల్లలు నా మీదే ఆర్డర్లు వేస్తూ గెంతుతుంటే ఆ కోపానికి కూర్చునే జాగ దొరకడం లేదు. నాకు పాఠం చెప్పడం నేర్పిన కాలేజీ ఏదని అడిగితే, మాడిన పత్తికొమ్మ పెట్టిన ఆ కౌంటరే అంటాను.

ఇక మీరు బయలుదేరేముందు చేయాల్సిన పని ఒక్కటి చెప్పి ముగిస్తాను. నేను పెట్టెతో దుకాణం ముందు దిగిన రోజు, ఎల్లయ్య మామ తొగుట నుంచి పనిగట్టుకుని వచ్చాడు. "పాస్‌పోర్టు ఎవ్వలడిగినా చేతికియ్యకు. వారానికి రెండుమాట్ల సేటుకు ఫోన్ జెయ్యి. చెయ్యకపోతే గా ఎంబసీ నంబరుకు మేం చేస్తం" అన్నాడు. దుకాణం ముందు రోడ్డు మీద ఆగిన జేబీఎస్ బస్సు హారన్ కొడుతోంది. "సరే మామా, సరే" అని పెట్టె ఎత్తబోయాను. ఆయన పెట్టె పిడి పట్టుకుని వదల్లేదు.

"సరే ఏంది, సరే? తిరిగి చెప్పు."

కౌంటర్ ముందు నిలబడి మొత్తం తిరిగి చెప్పాను. ఒక మాట మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పించాడు. బస్సు వెళ్లిపోయింది, తర్వాతి బస్సుకు వెళ్లాను. మీరూ అలాంటి మనిషిని ఒకరిని చూసుకుని, ఎక్కడికి పోతున్నారో, ఎవరి దగ్గరికో, ఏమైతే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ల ముందు మీ నోటితో చెప్పి బయలుదేరండి. సరే అనగానే పెట్టె వదిలేసే మనిషి ఈ పనికి పనికిరాడు.