పెద్దమ్మ అప్పగించిన పిల్లి

సిద్దిపేటలో మా పక్కింట్లో కిరాయికుండే పెద్దమ్మ, తన పిల్లికి పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు. "ముందుగాల నువ్వు తిను బిడ్డా" అనేది.

భర్త పోయాక, ఆమెను దుబ్బాక తీసుకుపోవడానికి తమ్ముడు వచ్చాడు. "మగ్గాలున్న ఇల్లక్కా, పిల్లి పోగులు తెంపుతది" అన్నాడు. పెద్దమ్మ పిల్లిని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

అది చాలా రోజులు ఆమె తలుపు ముందే పడుకుని, చివరికి మాకు అలవాటుపడింది.

మూడు నెలల తర్వాత పెద్దమ్మ వచ్చింది. గడప బయటే నిలబడి, "మంచిగ తింటుందా?" అని గుసగుసగా అడిగింది.

"లోపలికి రా పెద్దమ్మా."

"వద్దు బిడ్డా. నా గొంతు ఇంటే మల్ల నన్ను ఎతుకుతది."

కిటికీలోంచి, మంచం మీద నిద్రపోతున్న పిల్లిని కాసేపు చూసింది. తర్వాత చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకుని బస్టాండు వైపు నడిచింది.