తాళం వేసిన పెట్టెలో అర మెట్టు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. పదో తరగతితో చదువు ఆగినా, హనుమకొండ గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. అందుకే ఇది రాయడానికి రెండేళ్లు వెనకాడాను.

మా మేనమామ వయొలిన్ విద్వాంసుడు. కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, నలభై ఏళ్లు ఒకే గాయకుడి పక్కన వాయించాడు. ఆ గాయకుణ్ణి "అన్నా" అని పిలిచేవాడు. పక్కవాద్యం వాయించేవాళ్లు గాయకుడి శ్రుతికే తీగలు బిగించుకోవాలి. అన్న పాడేది రెండు శ్రుతిలో. మామకు హాయి ఒకటిన్నర, అంటే అర మెట్టు కింద. అయినా నలభై ఏళ్లూ రెండే.

అన్న పోయిన మరుసటి ఏడు సుబేదారిలో మామకు మొదటి సోలో కచేరీ కుదిరింది. అప్పటికి అరవై ఆరేళ్లు.

"ఈ ఒక్కనాడన్న నా శ్రుతిల వాయిస్త రా," అన్నాడు నాతో.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నాలుగు తీగలూ ఒకటిన్నరకు కూర్చాడు. ఫోన్లో శ్రుతి పెట్టి నేనూ సరిచూశాను. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. పెట్టెను వీపుకు తగిలించుకుని బండి మీద వెళ్లాం. వేదిక దాకా దాన్ని దించలేదు.

సాయంత్రం ఆరింటికి నేను తాళం తీస్తే, మామ పెట్టె తెరిచి, తీగల మీద కమాను ఆనించాడు. ఎలక్ట్రానిక్ తంబురా ఒకటిన్నరలో మోగుతోంది. వయొలిన్ రెండులో పలికింది. నాలుగు తీగలూ అంతే.

"మామా, జల్ది శ్రుతి దించు. జనం చూస్తాండ్రు," అన్నాను.

మామ నవ్వాడు. "నలభై ఏండ్లు పక్కన కూసున్న. ఇయ్యాల నడుమ కూసుంటే అన్నకు జర కుళ్లు గాదా? ఫికర్ చెయ్యకు. ఒక్క రాగం ఆయనది, మిగిలిన కచేరీ నాది."

మృదంగాన్ని ఆగమని, తంబురాను రెండుకు మార్పించి, ఒక రాగం ఆలపించాడు. అన్న పాడే చోట్ల కమాను ఎత్తి ఆగాడు. జవాబు మాత్రమే వాయించాడు. తర్వాత తీరిగ్గా బిరడాలు తిప్పి ఒకటిన్నరకు దింపుకున్నాడు. రెండు గంటలు తన శ్రుతిలో వాయించాడు. ఆయన అంత హాయిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడే గ్రంథాలయానికి వెళ్లాను. ఎండకూ చల్లదనానికీ తీగలు కాస్త అటూ ఇటూ అవుతాయని పుస్తకాల్లో ఉంది. నాలుగూ కలిసి సరిగ్గా అర మెట్టు ఎక్కుతాయని ఎక్కడా లేదు. నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఆ తర్వాత మామ చాలా కచేరీలు చేశాడు. తీగలు మళ్లీ ఎక్కలేదు. అయినా ప్రతిసారీ పెట్టె తెరిచి, కమాను ఆనించి, ఒక్క క్షణం వింటాడు. ఒకటిన్నరే పలికితే, ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనిపిస్తుంది.