మైలుతుత్తం కలపని గంజి

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే ముందు బొద్దింకల కంపు వచ్చింది, ఆ తర్వాత పుస్తకం కనిపించింది. ఆ కంపు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు అలాగే ఉండటం మంచిది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, వంటింటి పట్టకారుతో దాన్ని బయటికి తీశాను. అంతకు రెండు రోజుల ముందు మూసారాంబాగ్‌లో ఎవరో పాత పుస్తకాల ప్రదర్శన పెడితే వెళ్లాను. పుస్తకం అన్న మాట వినిపిస్తే నా కాళ్లు అటే పోతాయి. అక్కడ ఒక బొమ్మల కథల పుస్తకాన్ని గాజుపెట్టెలో పెట్టి తాళం వేశారు. అట్ట మీద పాతాళ నగరంలోకి తాడు పట్టుకుని దిగే దొంగ, కింద నోరు తెరిచిన మొసలి. మొదటి సంచిక, దొరకడం అరుదు అని పక్కన చీటీ. "ఇది మా ఇంట్లో ఉంది" అన్నాను పక్కనున్న ఆవిడతో, కాస్త గొప్పగానే. ఇప్పుడది నా ముందు పాత పేపరు మీద ఉంది. మొసలి ఉంది కానీ దొంగకు నడుము కింద ఏమీ లేదు, బొద్దింకలు తినేశాయి. అట్ట నిండా మిరియాల పొడి చల్లినట్టు వాటి పెంట. కుట్టు వెంట గోధుమరంగు గుడ్ల తిత్తులు, ఎవరో శ్రద్ధగా అతికించినట్టు వరుసగా. పేజీ తిప్పితే వెండిరంగు పురుగొకటి నా బొటనవేలి మీదికి ఎక్కింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

ఆ పుస్తకం నాకు దొరికింది తెలంగాణ కోసం ఎప్పుడు పడితే అప్పుడు బందులు జరిగిన కాలంలో. నేనూ మా మేనమామా అప్పుడు ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేసిన మనిషి ఆయన. మగ్గం కూడు పెట్టక, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టే పనిలో కుదిరాడు. అక్షరం రాదు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్నే కానీ, మా పేట గ్రంథాలయంలో ఏ బీరువానూ వదల్లేదు. తేనెటీగల పెంపకం నుంచి రోము చరిత్ర దాకా చదివి, ఎవరైనా అడిగితే చెబుదామని కాచుకుని ఉండేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు. అందుకని మామకే చెప్పేదాన్ని. ఆయన తువ్వాలు మడతపెడుతూ "గట్లనా బిడ్డా" అనేవాడు.

ఒక బందు రోజు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలాయన సంచులు కట్టేస్తుంటే ఆపి, దీన్ని కొన్నాను. పది అడుగులు వేశానో లేదో, ఊరేగింపు వెళ్లిన వైపు నుంచి జనం వెనక్కి పరుగెత్తుకొచ్చారు, వెనకాలే కళ్లు మండే పొగ. జై తెలంగాణ అంటూనే దగ్గుతున్నారు. నేను సందులోకి దూరి మురుగు పారే మోరీ దాటబోతే పుస్తకం చంకలోంచి జారి అందులో పడింది. అది కర్రీ పాయింటు వెనక మోరీ. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాను. చేతికి ఏమేం తగిలాయో ఇప్పటికీ రాయలేను, ఒకటి మాత్రం మెత్తగా, వెచ్చగా ఉంది. బస్సుల్లేవు. కారుతున్న పుస్తకాన్ని రెండు వేళ్లతో వేలాడదీసుకుని ఎల్బీనగర్ దాకా నడిచాను. ఆ రోజు జనం నాకు దారి ఇచ్చినంత మర్యాదగా ఏ నాయకుడికీ ఇచ్చి ఉండరు.

దుకాణం మూత కాబట్టి మామ ఇంట్లోనే ఉన్నాడు. "ఏంది బిడ్డా, గీ వాసన" అన్నాడు. తర్వాత ఇంకేమీ అడక్కుండా బకెట్లో నీళ్లు పట్టి, కుట్టు విప్పి, నూలు జాడించినట్టు పేజీ పేజీ జాడించి ఆరేశాడు. రెండో రోజూ బందే. పొద్దున నేను లేచేసరికి పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. కుంచెతో ప్రతి పేజీకీ పూసి దండెం మీద క్లిప్పులు పెట్టాడు. ఇంటి ఓనరు లుంగీల మధ్య నా పాతాళ నగరం వేలాడింది. ఓనరమ్మ చూసి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది చీర గాదు మామా. పుస్తకం గురించి నీకేం ఎరుక? చదువుకున్నోళ్లని అడగాలె" అన్నాను, ఆవిడ వింటుండగానే.

ఆయన కుంచె ఆపలేదు. "నూలైనా కాయిదమైనా గంజి లేకుంటె నిలవదు బిడ్డా. ఇది మొదటి పూత, రాత్రికి ఆర్తది. పొద్దుగాల జర మైలుతుత్తం పట్కరా, రెండో పూతల కలుపుత. లేకుంటె పురుగు పడ్తది."

మైలుతుత్తం అంటే ఆ నీలం రాళ్ల మందు, మా వాళ్లు నూలు గంజిలో చిటికెడు వేసేవారు. మర్నాడు దుకాణాలు తెరిచారు. నేను కిరాణా దుకాణం ముందు నుంచే గ్రంథాలయానికి పోయి, గంట చదువుకుని వచ్చి, "దొరకలేదు" అన్నాను. సరే అని ఆయన రెండో పూత వేయకుండానే మగ్గం నాటి దారంతో పుస్తకాన్ని కుట్టి, వీపుకు చీర అంచు ముక్క అతికించి ఇచ్చాడు. అప్పడంలా ఫెళఫెళలాడే ఆ వస్తువును ఒక్కసారి కూడా చదవకుండా ట్రంకులో పడేశాను. కొన్నేళ్లకు అదే గ్రంథాలయంలో పాత ప్రతులను కాపాడటం మీద ఒక పుస్తకం కంటబడింది. కాగితానికి పిండి జిగురు మంచిదేననీ, పురుగు పట్టకుండా మందు కలపాలనీ అందులో ఉంది. ఆ పేజీని కొంచెం త్వరగా తిప్పాను.

ప్రదర్శనలో ఇచ్చిన చిరునామా చీటీ పట్టుకుని, మొన్న పాత పుస్తకాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, చేతులకు తొడుగులు వేసుకునే మాట్లాడాడు. "ఈ గంజి నానబెట్టి తీసేస్తానండీ. ఈ దారం, ఈ గుడ్డ ముక్క పీకి పారేయాలి. తినేసిన చోట్ల వేరే కాపీల్లోంచి కోసి అతికిస్తాను. కొత్తదానిలా వచ్చేస్తుంది." వేరే కాపీలు ఎక్కడివని అడిగితే బల్ల కింది నుంచి కట్ట తీశాడు. ప్రతి అట్ట మీదా ఊదారంగు గ్రంథాలయ ముద్ర. "వాళ్లు ఎలాగూ తూకానికేసేవే కదండీ" అన్నాడు. ఒకదాంట్లో మొసలి బొమ్మ ఉండాల్సిన చోట చక్కగా కోసిన కిటికీ ఉంది. బొద్దింకలు నయం, వాటికి ఆకలి. పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి సంచి దించగానే మామ, ఇప్పుడు చూపు ఆనని మనిషి, ముక్కుతోనే గుర్తుపట్టాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని వట్టి చేతులతో తడిమాడు, గుడ్ల తిత్తిని గోటితో గీకి కింద రాల్చాడు. "మైలుతుత్తం పడలె గదా" అన్నాడు.

"దొరకలేదని అబద్ధం చెప్పిన మామా. నేను అసలు అడగనే లేదు."

"నాకెరుకే. కిరాణాయన మనూరోడే, అదే దినం అడిగిన. డబ్బా నిండ ఉన్నదన్నడు."

"మరి నువ్వే ఎందుకు తేలేదు?"

"మస్తు చదివినవ్ గదా బిడ్డా. పుస్తకాలకు మైలుతుత్తం పడదేమో, అందుకే నువ్వు తేలేదేమో అనుకున్న. చదువుకున్నోళ్లని అడగాలె అన్నవ్ గదా."

అప్పుడు నా మీద నాకు కలిగిన ఏవగింపు ముందు మోరీలో చెయ్యి పెట్టిన రోజు ఏపాటిది. ఆ చెయ్యి సబ్బుతో కడిగితే పోయింది.

నిన్న అదే కిరాణా దుకాణంలో మైలుతుత్తం తెచ్చాను. పెంట నేనే గీకాను, రెండుసార్లు బయటికి పోయి వాంతి చేసుకుని వచ్చి మళ్లీ గీకాను. దొంగ నడుము కింద ఖాళీ అలాగే ఉంటుంది, దారమూ గుడ్డా ఎక్కడివక్కడే. ఇవాళ పొద్దున గంజి ఉడికింది. కుంచె మామ పట్టుకున్నాడు, పేజీ అంచు ఎక్కడుందో నేను చెప్పాను. మొదటి పూతకూ రెండో పూతకూ మధ్య ఒక్క రాత్రి చాలని ఆయన ఆనాడే చెప్పాడు, నాకే ఇన్నేళ్లు పట్టింది.