అజర్‌బైజాన్ పండగ, మా తమ్ముళ్ల భోజనం

డిసెంబరు ముప్పై ఒకటిన మా పెద్ద తమ్ముడి కొడుకు అజర్‌బైజాన్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ వెల్డింగు పని.

"అత్తా, ఈయాల మాకు సెలవు. లోకంలో ఏ మూలనున్నా ఈ దేశపోళ్లంతా ఒకటేనని పండగంట."

ఎంత అదృష్టవంతులో. వాళ్ల గట్ల మీద పనసచెట్లు లేవు కాబోలు. అలాంటి ఒక్క చెట్టు వాటా కోసం నా తమ్ముళ్లిద్దరికీ 2018 నుంచి మాటల్లేవు. చిన్నవాడు డయాలసిస్‌కి పలాస దాకా ఒంటరిగా బస్సులో వెళ్లి తూలుతూ తిరిగొస్తున్నా, లేవు.

మనమూ ఐక్యత పండగ చేద్దామని ఇద్దరినీ భోజనానికి పిలిచాను. వచ్చి, అరుగుకు చెరో చివర కూర్చున్నారు. చిన్నవాడికి ఉప్పు తగ్గించి వేరే వండిన పులుసు వడ్డిస్తుంటే పెద్దవాడు చూశాడు.

"అప్పా, ఎల్లుండి ఆస్పత్రికి నా బండెక్కమని ఆడికి సెప్పు" అన్నాడు నాతో, గోడకేసి తిరిగి.

"మెల్లగా తోల్తాడేటో అడుగప్పా" అన్నాడు చిన్నవాడు విస్తరిలోకి చూస్తూ.

"తోల్తానని సెప్పు."

నాలుగడుగుల దూరానికి ఆ కబుర్లన్నీ నేనే మోశాను. ఎల్లుండి పొద్దున్న చిన్నవాడు బండెక్కి కూర్చునేదాకా ఆ ఉద్యోగం నాదే.