టవరు గది మీద బోర్లించిన బేసిను

నిరుడు వేసవిలో జరిగిందిది. మాది పుల్లలచెరువు దగ్గర అడివి అంచు పల్లె. మా చేలోనే సెల్ టవరు ఉంది. దాని పక్క గది కప్పు మీద తెల్లటి పుట్టగొడుగు లాంటిది ఒకటి ఉండేది. కోతులు దాన్ని పీకుతుంటే చూడలేక, మా స్టీలు బేసిను దాని మీద బోర్లించి, పైన రాయి పెట్టాను. మంచి పనే చేశాననుకున్నాను.

మర్నాటికి ఊళ్లో ఒక్క ఫోనూ పలకలేదు. ఎదురింటి మరియమ్మ వదిన కోడలికి నొప్పులొస్తే, అంబులెన్సుకు ఫోన్ కలవక ఆటోలో తీసుకుపోయారు. దారిలోనే కాన్పయింది. అదృష్టం, తల్లీబిడ్డా క్షేమం.

టవరు బాగుచేసే అతను రాగానే అందరికంటే ముందు నేనే ఎగబడ్డాను. "ఏందయ్యా, మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా మీకు?"

అతను కప్పెక్కి, బేసినుతో దిగాడు. "ఉపగ్రహాల నుంచి టవరు టైం పట్టుకునేది ఆ తెల్లదాంతోనేమ్మా. దాన్ని ఎవరో మూసినారు. పక్క టవర్లతో గడియారం కలవకపోతే ఇది ఆగిపోతాది. ఎవరిదీ బేసిను?"

అంచు మీదున్న పేరు మరియమ్మ వదినే చదివింది. "రమణమ్మ."

దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ బేసిను ఏ ఇంటికి పోయినా తిరిగి నా దగ్గరికే రావాలని, నా పెళ్లప్పుడు మా నాయన దాని మీద నా పేరు కొట్టించాడు. అట్లనే వచ్చింది.