బెల్లం మార్కెట్లో సుగరు మనిషి

అనకాపల్లి బెల్లం మార్కెట్లో పరదేశి కళాసీ. లారీల్లోంచి బెల్లం దిమ్మలు దించడం, ఎక్కించడం అతని పని. సుగరు ఎప్పటినుంచో ఉంది. మాత్రలకి లొంగక ఇన్సులిన్ సూది దాకా వచ్చింది.

సూది మొదలయ్యాక తోటి కళాసీలంతా ఒక మాట మీద నిలబడ్డారు. పరదేశి నోట్లో బెల్లం నలుసు పడకూడదు. టీ కూడా అతనికి విడిగా చెప్పేవారు. ప్రేమే, కాదనడానికి లేదు. కాని అంత ప్రేమ మధ్య చప్పటి టీ తాగేది మాత్రం అతనొక్కడే.

"సుగరు పడిపోతే తీపి తినాలంట, డాక్టరమ్మ సెప్పింది" అని ఒకసారి చెప్పి చూశాడు.

"తినొద్దన్నదీ డాక్టరమ్మే, తినమన్నదీ డాక్టరమ్మేనా?" అని అతని జతగాడు రాములు పగలబడి నవ్వాడు.

ఆ సంగతి తెలిసినది భార్య పైడితల్లికే. అతని మొహాన చెమట చూస్తే చాలు, నోట్లో పంచదార పోసేది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఒక ఉదయం కశింకోటలో ఇంటి దగ్గర సూది చేసుకుని చద్దన్నం ముందు కూర్చున్నాడో లేదో, లోడు వచ్చేసిందని ఫోను. ముద్ద ముట్టకుండా షేర్ ఆటో ఎక్కేశాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. లోడు సూదినెరుగదు.

కాసిని దిమ్మలు దించేసరికి సుగరు పడిపోయి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. ఎదురుగా గోడంత ఎత్తు బెల్లం. చితికిన ముక్క ఒకటి నోటిదాకా తెచ్చాడు. రాములు చేతిమీద కొట్టి లాక్కున్నాడు.

"సుగరెట్టుకుని బెల్లం తింతావేటి బావా? సత్తావు!"

చెబుదామంటే నాలుక తిరగలేదు. పొద్దున్నే తాగేసినట్టున్నాడని ఎవరో నవ్వారు. ఇంతమంది మధ్య చచ్చిపోతానేమోనని పరదేశికి భయం వేసింది. దిమ్మల వెనక్కి పాకి, నేలమీద రాలిన బెల్లం మట్టితో సహా నోట్లో కుక్కుకున్నాడు.

కాసేపటికి చూపు నిలిచింది. లేచి వస్తే రాములు భుజం తట్టాడు.

"సూసేవా? నాను లాక్కోబట్టి బతికేవు."

"లేదు బావా. ఎనక్కెల్లి తిన్నాను. తినబట్టే బతికేను."

రాములు మొహం మాడిపోయింది. మర్నాడే కళాసీలంతా కలిసి పరదేశిని గేటు దగ్గర కాపలాకి మార్పించారు. తేలిక పని, కూలి కూడా తగ్గలేదు. అక్కడ బెల్లం మాత్రం దొరకదు. అంతా అతని మంచికే చేశారు.

ఇప్పుడతను కంచం ముందు పెట్టుకోకుండా సూది ముట్టడు. అయినా ఒంటిని నమ్మలేక, పొద్దున్నే బెల్లంముక్క కాగితంలో చుట్టి మొలలో దోపుకుంటాడు. గేటులోంచి లారీల కొద్దీ బెల్లం పోతుంటుంది. రాములు పలకరించడానికి దగ్గరకొస్తే, పరదేశి గబుక్కున లుంగీ సర్దుకుంటాడు.